నిప్పును జరిపిన చేయి

గంట మోగింది. ఆగి మరొకసారి మోగింది. మళ్ళీ ఆగి, ఇంకొక్కసారి. పలుచని లోహపు మోత తెరలు తెరలుగా వచ్చి, వసారాలో నిలుచున్నవారి చెవులను తాకి, తాకినచోటనే అణగిపోయింది.

అటు తరువాతనే యెహెజ్కేలు తల యెత్తి చూశాడు. ఎదుట మూసిన తలుపు, తలుపుకు గొళ్ళెం, గొళ్ళేనికి మొన్న పోలీసులు వేసిన లక్కముద్ర. ముద్ర వేసినది వేసినట్లే ఉంది. ఆ గదికి మరొక ద్వారం లేదని పంచనామాలో రాశారు. ఆ గదిలోనే మొన్న దీపాలవేళ పార్సీ టేకు వర్తకుడు హోర్ముస్జీ తల పగిలి మరణించాడు.

కాపలా కానిస్టేబులు లోవరాజు గోడకు కరుచుకుపోయాడు. ముసలాయన బతికుండగా ఏయే వేళలకు గంట కొట్టేవాడో ఆయా వేళలకే ఈ గంట మోగుతోందనీ, పొద్దు పొడిచినా మోగుతుందనీ, నడినెత్తికెక్కినా మోగుతుందనీ, గుంకినా మోగుతుందనీ గొణిగాడు. తనకు ఈ కాపలా వద్దనీ, కావాలంటే ఏజెన్సీకి బదిలీ చెయ్యమనీ బతిమాలాడు. ఏజెన్సీ చలిజ్వరం పేరు చెబితే మంచం పట్టే మనిషి ఆ మాట అన్నాడంటే భయం ఎముకల్లోకి దిగిందన్నమాట.

"గాలికి ఊగి ఉంటుందిలే," అన్నాడు ఇన్‌స్పెక్టరు చంద్రరావు.

"గాలి లెక్కపెట్టి కొడుతుందాండి?" అన్నాడు యెహెజ్కేలు, గొంతు పెంచకుండా.

చంద్రరావు మీసం కింద నవ్వు వంకర తిరిగింది. ఒకప్పుడు యెహెజ్కేలు ఆయన చేతికింద హెడ్డు కానిస్టేబులు. పైవాడు పట్టిన దొంగ దొంగ కాడని రుజువు చేసిన పాపానికి ఉద్యోగం వదులుకుని, ఇప్పుడు రాజమహేంద్రవరంలో ప్లీడర్లకు ఆచూకీలు తీసిపెట్టి బతుకుతున్నాడు. ఈ ఇంటికి అతన్ని రప్పించినది మాత్రం ప్లీడరు కాదు. పడవ నడిపే బుల్లియ్య తల్లి రత్తమ్మ తెల్లవారకముందే వచ్చి, గుమ్మంలో కూలబడి, తన కొడుకును ఉరి తీస్తారట, ఆపమని అడిగింది. అడిగి, అతని గుమ్మాన్నే కళ్ళకద్దుకుని వెళ్ళింది.

సంగతి ఇదీ. హత్య జరిగిన సాయంత్రం ఆ గది గుమ్మంలో బుల్లియ్య తలపాగా దొరికింది. రెండు రాత్రుల పోలీసు మర్యాద తరువాత బుల్లియ్య నేరం ఒప్పుకున్నాడు. సబ్ మేజిస్ట్రేటు ఈ సాయంత్రం నాలుగు గంటలకు ఆ ఒప్పుకోలు విని, వేలిముద్ర వేయించుకుని, కాకినాడ వెళ్ళిపోతాడు. ముద్ర పడితే ఆ మాటను ఇక దేవుడు కూడా చెరపలేడు. అప్పటికి పన్నెండు దాటింది.

"చూసుకో నాయనా, నీ ముచ్చట మేమెందుకు కాదనాలి," అని చంద్రరావు ముద్ర పగలగొట్టమన్నాడు. లోవరాజు తలుపుకు ఎడంగా నిలబడి చెయ్యి చాపి గోకడంతో లక్క ఊడిరావడానికే చాలాసేపు పట్టింది.

తలుపు తెరిచారు. లోపల మనిషి లేడు. కప్పునుంచి గొలుసుతో వేలాడుతున్న గంట కదలడం లేదు. కాని గది మూలలో, వెండి అగ్నిపాత్రలో, నిప్పు ఉంది.

రెండు రోజులుగా ఎవరూ అడుగుపెట్టని గదిలో నిప్పు బతికి ఉంది. ఎర్రని కణికల నడుమ గంధపుచెక్క ఒకటి అప్పుడే అంటుకుంటోంది; దాని ఒక అంచు ఇంకా పచ్చగానే ఉంది. వెనుక లోవరాజు మరిడీ మహాలక్ష్మిని తలుచుకోవడం వినిపించింది.

యెహెజ్కేలు చెప్పులు బయట విడిచి లోపలికి నడిచాడు. చంద్రరావు బూట్లతోనే వచ్చాడు.

గది మధ్యన మోకాలెత్తు రాతిదిమ్మ. దాని నడినెత్తిన గుండ్రంగా, తెల్లగా, ఏళ్ళ తరబడి బరువైన పాత్ర నిలిచిన గుర్తు. దిమ్మ అంచున ఎండి నల్లబడిన నెత్తుటి మరక. అంటే నిప్పు ఉండవలసిన చోటు ఇది. ముసలాయన తల తగిలిన చోటూ ఇదే. ఇప్పుడు పాత్ర ఉన్నది దూరంగా, ఈశాన్యపు మూలలో, ఉత్త నేల మీద. దిమ్మ నుంచి మూల దాకా యెహెజ్కేలు వంగి నడిచాడు. నేల మీద ఒక్క రవ్వ రాలిన మచ్చ లేదు. ఒక్క చిటికెడు బూడిద లేదు. గంట గొలుసు కొసను మాత్రం వేళ్ళు పట్టిన మేర బూడిద అంటి ఉంది.

"దీన్ని ఎవరు జరిపారండి?"

"ఇంకెవరు, బుల్లిగాడే. వెండి అని ఎత్తాడు. చెయ్యి కాలింది. అక్కడ దించి పారిపోయాడు. ఇందులో నీకు అర్థంకానిది ఏముందోయ్?"

యెహెజ్కేలు మూల దగ్గర వంగాడు. మూల పక్కనే, వెనుక గోడకు నేలమట్టాన, చిన్న చెక్కరెక్క కనిపించింది. తోస్తే తెరుచుకుంది. అవతల కట్టెల కొట్టు. రెక్క అంచుల నున్నదనం చూస్తే ఎన్నో ఏళ్ళ వాడకం.

"పంచనామాలో ఇది లేదండి."

"అది తలుపు కాదు. బూడిద అందుకునే గూడు."

"మనిషి పట్టరాండి?"

"నువ్వు పట్టవు," అన్నాడు చంద్రరావు అతని పొట్టవైపు చూసి. లోవరాజు నవ్వబోయి, నిప్పు కనబడి మానుకున్నాడు.

బుల్లియ్యను ఆ ఇంటికే తీసుకువచ్చి ఉంచారు. వసారా మెట్టు మీద కూర్చున్నాడు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. మర్నాడు పొద్దున్నే కొవ్వూరు రేవుకు పడవ కట్టాలని ముసలాయన కబురంపితే వచ్చాననీ, పిలిచినా పలుకు లేక తలుపు తోశాననీ, తోసి చూసి, తలపాగా ఊడిందని కూడా ఎరక్క పరిగెత్తాననీ చెప్పాడు. యెహెజ్కేలు అన్నిటికీ తల ఊపి, ఒక్కటే అడిగాడు. తలుపు తోసినప్పుడు నిప్పు ఎక్కడుంది?

బుల్లియ్య ఒంటికన్నుతో ఆలోచించాడు. "ఆ మూలనుందండి. ఎప్పుడూ దిమ్మ మీదుంటది గదాండి, గుమ్మంలోంచి చూస్తుంటాను. ఆ యేళ అయ్యగారు దిమ్మ కాడ, నిప్పు మూలన. ఆయ్, అదే నాకు బెదురేసింది. పీనుగుని చూసి కాదండి. నిప్పు నడిచెళ్ళినట్టుగా ఉంది."

యెహెజ్కేలు అతని చేతులు పట్టుకుని తిప్పాడు. గడ వేసి వేసి కాయలు కాచిన అరచేతులు. కాలిన బొబ్బ ఒక్కటి లేదు. ఆ చేతులను చంద్రరావు ముఖం ముందు పట్టి ఉంచాడు. ఇన్‌స్పెక్టరు చూపు పక్కకు తిప్పుకుని, గుడ్డ చుట్టుకుని ఎత్తి ఉంటాడన్నాడు. గుడ్డ చుట్టుకునే తెలివి ఉన్న దొంగ పాత్రను గుమ్మం వైపు మోస్తాడు గాని మూలకు మోయడు కదా అన్నాడు యెహెజ్కేలు. మోసి, దించి, పైన గంధపుచెక్క వేసి వెళ్ళే దొంగను మీ సర్వీసులో ఎన్నడైనా చూశారా అని కూడా అడిగాడు.

"వేలిముద్ర పడేవరకే నీ ప్రశ్నలు," అన్నాడు చంద్రరావు. నవ్వు ఈసారి రాలేదు.

ఆనాడే దిగిన దస్తూరు, అనగా పార్సీల పురోహితుడు, సావడిలో మూడోనాటి కర్మకు ఏర్పాట్లు చేసుకుంటున్నాడు. బందరులో చాలాకాలం ఉన్నవాడు గనుక తెలుగు పట్టుబడింది. ఈ ఇంటివారిది పార్సీ రాజుల వంశమని ఊళ్ళో అనుకునే మాట అడిగితే ముసలి కళ్ళు మెరిశాయి. పారసీకాన్ని ఏలిన కడపటి చక్రవర్తి యజ్దెగర్దు రాజ్యం పోగొట్టుకుని, పారిపోయి, ఒక పిండిమరలో తలదాచుకుంటే, ఒంటి మీది నగలకు ఆశపడి మరవాడే చంపాడనీ, ఆ చక్రవర్తి నెత్తురు తమలో పారుతోందని హోర్ముస్జీ ఇంటివారి నమ్మకమనీ చెప్పాడు. అదెంత నిజమో ఆ నిప్పుకే తెలియాలన్నాడు. ప్రతి సాయంత్రం హోర్ముస్జీ నిప్పు ముందు నిలిచి, యజ్దెగర్దు మొదలు తన దాకా తండ్రి తరువాత కొడుకుగా పేర్లన్నీ చదివేవాడట. తన పేరు పలికి ఆగేవాడట. ఆగి, తరువాతి పేరు ఇంకెవరో అందుకుంటారన్నట్లు చాలాసేపు చెవి ఒగ్గి నిలిచేవాడట. ఆయనకు బిడ్డలు లేరట.

"బాగుంది," అన్నాడు చంద్రరావు తలుపు దగ్గరనుంచి. "ఆ రాజుని మరవాడు చంపాడు, ఈయన్ని పడవవాడు చంపాడు. వంశాచారం తప్పలేదు."

యెహెజ్కేలు నవ్వలేదు. మిషను బడిలో కోరెషు, దర్యావేషు అని పారసీక రాజుల పేర్లు వల్లెవేసిన రోజుల్లో, ఆ నెత్తురు ఇంకా ఎక్కడో పారుతూ ఉంటుందనీ, ఒకనాడు ఈ గోదావరి ఒడ్డున రాతిదిమ్మ మీద ఎండుతుందనీ అతనికి తోచలేదు. నిప్పును దిమ్మ మీదనుంచి ఎందుకు జరుపుతారని అడిగాడు.

"శవం ఉంటే జరుపుతారు," అన్నాడు దస్తూరు, అది అందరికీ తెలిసినదే అన్నట్లు. "శవం మైల. నిప్పు పవిత్రం. ఊపిరి పోయిన మరుక్షణం నిప్పును దూరంగా జరపాలి. మావాడెవడైనా ముందు ఆ పని చేసి, తరువాత ఏడుస్తాడు."

 చంద్రరావు చూపు మారింది. అయితే చంపినవాడు పార్సీయే. ఊళ్ళో ఉన్న పార్సీ ఇంకొకడే: ముసలాయన తమ్ముడి కొడుకు ఫరీదూన్. కాకినాడలో ఓడల కంపెనీ ఏజెంటు. బిడ్డలు లేనివాడికి ఈ మూడోనాటి కర్మలో వారసుడి పేరు పైకి చదువుతారు. చదవబోయేది ఇతని పేరే. కేసు మారినా దాని కీర్తి మాత్రం చేజారకుండా చంద్రరావు అతనిమీద విరుచుకుపడ్డాడు. ఫరీదూన్ బెదరలేదు. తాను రైలు దిగినది మరునాటి ఉదయమనీ, అంతకుముందు రాత్రి కంపెనీ పని మీద బెజవాడ వెళ్ళి వస్తూ నిడదవోలు స్టేషనులో స్టేషను మాస్టరుతోనే భోంచేశాననీ చెప్పి, జేబులోంచి లంకపొగాకు చుట్ట తీసి, కర్మకు సిద్ధం చేసిన ధూపపు కణికకే అంటించుకుని, ఉఫ్ అని ఊదాడు. దస్తూరు కళ్ళు మూసుకున్నాడు.

"నిప్పుకి మైలేంటండి," అన్నాడు ఫరీదూన్ పొగ వదులుతూ. "మా పెదనాన్న చాదస్తం."

"ఈయన కాడండి," అన్నాడు యెహెజ్కేలు నెమ్మదిగా. "ఈయన చంపినా నిప్పు దిమ్మ మీదే ఉండేది."

అంతలో దస్తూరు గది మూలలోని నిప్పును సావడిలోకి తేవడానికి లేచాడు. లేచి, ముందుగా మడిచిన తెల్లగుడ్డ ఒకటి ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టుకున్నాడు. మనిషి ఊపిరి నిప్పుకు తగలకూడదని వారి ఆచారం.

యెహెజ్కేలు నిలుచున్నచోటనే నిలిచిపోయాడు. ఆ పొద్దున అలాంటి నోరు ఒకటి చూశాడు. ఆ ఇంట్లో బూడిద ఎత్తే ఆడమనిషి ఒకామె ఉంది. నలభై దాటిన, చేపలు పట్టే పల్లెకారుల మనిషి. అందరూ బూడిదావిడ అంటారు. చంద్రరావు కాగితాల్లో 'పనిమనిషి' అని మాత్రం ఉంది. నిప్పుగది వెనుక, కట్టెల కొట్టు గోడ దగ్గర ఇన్‌స్పెక్టరు ప్రశ్నించినంతసేపూ ఆమె పైటచెంగు నోటికి అడ్డంపెట్టుకునే ఉంది. దుఃఖమనుకున్నారు. కాని నూతి దగ్గరకు నడిచినప్పుడు చెంగు జారవిడిచింది. మళ్ళీ ఆ గోడ దగ్గరకు రాగానే ఎత్తుకుంది. ఆమె రెండు అరచేతులకూ కలబంద గుజ్జు ఉంది. వంటింట్లో కాల్చుకుంది కాబోలని ఎవరూ అడగలేదు.

అతడు వెళ్ళేసరికి ఆమె కట్టెల కొట్టులో గంధపుచెక్కలు చీలుస్తోంది. పైటచెంగు నోటి మీదనే ఉంది.

"ఏడుపు కోసమైతే నూతి దగ్గర కూడా నోరు కప్పుకోవాలి కదమ్మా," అన్నాడు యెహెజ్కేలు. "మీరు నిప్పు దగ్గరే కప్పుకుంటారు."

మీరు అన్నందుకు ఆమె తల ఎత్తింది. 

"ఊపిరి తగలకూడదండి దానికి," అంది చివరకు.

"ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారండి నాకు. ముప్పయ్యేళ్ళు ఆ గూట్లోంచి చూసేను. పెద్దమ్మగారు పోయినప్పుడు అయ్యగారు నిప్పెలా జరిపేరో కూడా చూసేను."

ఆ తరువాత ఆమె దాచలేదు. చెప్పడం కూడా కట్టె చీల్చినట్లే, ఒక్కొక్క పేడుగా చెప్పింది. ఆ సాయంత్రం ముసలాయన పేర్లు చదవడం ముగించి, రేపు అబ్బాయి వస్తున్నాడు, ఇకమీదట నా తరువాత వాడి పేరు ఉంటుందని నిప్పుతో చెప్పుకున్నాడు. ఆమె గూటి అవతల విన్నది. విని, ముప్పయ్యేళ్ళలో ఎన్నడూ దాటని గూడు దాటి, లోపలికి వెళ్ళి, ఆయనను ఒక్క మాట అనమని అడిగింది. ఆయన అనలేదు. నిప్పుగదిలో ఆమెను చూసి మండిపడి, బయటకు నెట్టబోయాడు. ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాడు. దిమ్మ అంచు ఆయన వెనుకనే ఉంది.

"ఊపిరి చూసేనండి, లేదు. నిప్పు జరిపేను. చేతులు కాలినట్టు తెల్లారేక గాని తెలీలేదు."

"బుల్లియ్య సంగతి తెలుసు కదమ్మా."

పేడు చీల్చే కత్తి ఆగింది. తెలుసుననీ, నిద్ర లేదనీ, మూడు రాత్రులు గడిచి రేపు తెల్లవారేటప్పటికి ఆయన ఆత్మ పరలోకపు వంతెన దాటుతుందనీ, అందాకా నిప్పు ఆరకూడదని గూట్లోంచి వచ్చి మూడుపూటలా చెక్క వేసి గంట కొడుతున్నాననీ, తెల్లవారగానే తానే ఠాణాకు వచ్చి చెబుతాననీ అంది. ఆ కుర్రాడికి ఏమీ కాదులే అనుకుందట. సాయంత్రం వేలిముద్ర సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఎవరు చెబుతారు?

యెహెజ్కేలు చెప్పాడు. నాలుగు గంటల తరువాత ఆమె వంద నిజాలు చెప్పినా ఒక పేదవాడి బొటనవేలు వాటన్నిటికీ అడ్డం నిలుస్తుందని చెప్పాడు. నిప్పు సంగతి దస్తూరు చూసుకుంటాడు కదా అన్నాడు.

"చూస్తారండి. కాని అయినవాళ్ళ చేతి చెక్క పడాలంటండి. ఆ బాబు వెయ్యడు. చుట్ట కాల్చుకుంటాడు."

అయినవాళ్ళ. ఆ మాట యెహెజ్కేలు మనసులో రాయిలా పడి, లోతుకు దిగింది. ముసలాయనను ఆమె అడిగిన ఒక్క మాట ఏమిటో అడగాలనుకున్నాడు. దానికి బదులు ఆమె పేరేమిటో అడిగాడు.

ఆమె నవ్వింది, నవ్వు చెంగు వెనుక కళ్ళలో మాత్రమే కనిపించింది. "ఈ ఇంట్లో ఆ పేరుతో ఎవరూ పిలవలేదండి," అని, చీల్చిన చెక్కలు ఒళ్ళో కట్టుకుని లేచింది.

మూడు దాటింది. సావడిలో తెల్లని దుప్పటి పరిచి, నడుమ నిప్పు ఉంచి, దస్తూరు మంత్రాలు చదువుతున్నాడు. గోడవారగా చంద్రరావు. గుమ్మం బయట, సంకెళ్ళతో, బుల్లియ్య. అతన్ని తీసుకుపోవడానికి బండి వాకిట్లో సిద్ధంగా ఉంది. మంత్రం ముగిసింది. దస్తూరు తల ఎత్తి, వారి పద్ధతి ప్రకారం, చనిపోయిన ఈయన తరువాత ఎవరి పేరు చదవాలని సభను అడిగాడు. ఫరీదూన్ చుట్ట ఆర్పి, గొంతు సవరించుకున్నాడు.

లోపలి గుమ్మంలోంచి ఆమె వచ్చింది. నోటికి చెంగు అడ్డం. ఎవరి ముఖమూ చూడకుండా నడిచి, నిప్పు ముందు వంగి, గంధపుచెక్క ఒకటి పట్టకారుతో వేసింది. ఆ వేయడంలోని నేర్పు చూసి దస్తూరు ఆపబోయిన చేతిని దించుకున్నాడు. ఆమె వెనుకడుగు వేసి, నిప్పుకు దూరంగా జరిగి, ముఖం పక్కకు తిప్పి, అప్పుడు చెంగు జారవిడిచింది.

"బుల్లియ్యని ఇంటికి పంపేయండి బాబూ," అంది చంద్రరావుతో. "ఆయన పడ్డది నా చేతిలోంచండి. నిప్పు జరిపింది నేను." కాలిన అరచేతులు చాపి చూపింది.

చంద్రరావు కదిలాడు. యెహెజ్కేలు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఒకప్పటి హెడ్డు కానిస్టేబులు తన పైవాడిని తాకడం అదే మొదటిసారి. "ఒక్క నిమిషం ఆగండి. ఆవిడ ఇంకా పూర్తి చెయ్యలేదు."

ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. యజ్దెగర్దు. అతని తరువాతివాడు. వాని తరువాతివాడు. ఆమెకు అర్థం తెలియని పేర్లు. ఆమె తడబడని పేర్లు. ఎక్కడ ముసలాయన ఊపిరి తీసేవాడో అక్కడ ఊపిరి తీస్తూ, ఎక్కడ ఆయన గొంతు జీరపోయేదో అక్కడ జీరపోతూ, చనిపోయిన మనిషి నిలువునా తన గొంతులోకి వచ్చి నిలిచినట్లు, ఒక్కొక్కరినే పిలుచుకుంటూ వచ్చింది. లోవరాజు చెవులు మూసుకున్నాడు. దస్తూరు పెదవులు ఆమెతో పాటు నిశ్శబ్దంగా కదిలాయి. మరలో చచ్చిన రాజు దగ్గరనుంచి, ఓడలెక్కి వచ్చినవారి మీదుగా, టేకు దుంగలు తేలిన ఈ నది ఒడ్డుదాకా పేర్లు నడిచి వచ్చి, హోర్ముస్జీ దగ్గర నిలిచాయి.

ప్రతి సాయంత్రం ఆయన ఆగే చోటు అది. 

ఆమె కళ్ళు తెరిచింది.

"ఆయన కూతురు," అంది, "మరిడమ్మ."